అమెచ్యూర్ బ్యాండ్ల నిబంధనలు: కట్టడి అంచుల్లోనే చాలా, లోపల కూడా కావాలా?

స్వర్ణముఖి తీరం (తిరుపతి)

మిత్రులకు నమస్కారం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక, 1885 నాటి తంతి చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం కింద నడిచిన వ్యవహారాలకు కొత్త నిబంధనలు రాసుకుంటూ వస్తున్నారు. మన అమెచ్యూర్ సేవను (లాభాపేక్ష లేకుండా రేడియోలో మాట్లాడుకునే, ప్రయోగాలు చేసే హామ్‌ల సేవ) ఇన్నేళ్లూ నడిపించినవి 1978 నిబంధనలు. మధ్యలో సవరణలు జరిగినా మూల స్వరూపం మారలేదు. మళ్లీ రాసే రోజున మనం ఏమి అడగాలో ముందు మనలో మనం తేల్చుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా అభిప్రాయం దాచుకోను. బ్యాండు (మనకిచ్చిన పౌనఃపున్యాల పట్టీ) అంచులు, శక్తి పరిమితి, కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే పిలుపు పేరు) చెప్పడం, అనవసర ఉద్గారాలు... వీటిలో ఎంత కఠినంగా ఉన్నా నాకు సమ్మతమే. వీటిలో తప్పు జరిగితే నష్టపోయేది బయటివాళ్లు. కానీ బ్యాండు లోపల మనం ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో చట్టం చెప్పనక్కర్లేదు. ఏ3ఇ, జె3ఇ, ఎఫ్3ఇ అంటూ ఒక్కో ప్రసార పద్ధతిని సూచించే ఉద్గార సంకేతాల జాబితా రాసిపెడితే, ఆ జాబితా రాసిన నాటికి పుట్టని పద్ధతి ఏదైనా అనుమానంలో పడుతుంది. కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపుకునే ఎఫ్‌టీ8 పద్ధతి పుట్టింది 2017లో. దాని వెడల్పు 50 హెర్ట్జ్, ఒక్కో వంతు 15 సెకన్లు. చెవికి అందని సంకేతాన్ని కూడా కంప్యూటర్ పట్టేస్తుంది. ఇప్పుడు సాయంత్రం పూట 7.074 మెగాహెర్ట్జ్ దగ్గర రిసీవరు పెడితే తెర నిండా సన్నని గీతలే. 1978లో కూర్చుని దీన్ని ఎవరు ఊహించగలరు?

అమెరికా అనుభవం చూడండి. డేటా పంపేటప్పుడు హెచ్ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) సెకనుకు 300 సంకేతాలకు మించకూడదని 1980లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన పెట్టింది. ఆ రోజుల మోడెములకు అది సరిపోయింది. తర్వాత తక్కువ వెడల్పులోనే ఎక్కువ సమాచారం పంపే పద్ధతులు వచ్చాయి. వెడల్పు పెరగకపోయినా వేగం పెరిగింది గనుక అవి చట్టవిరుద్ధమయ్యాయి. 2017లో మరియా తుపాను ప్యూర్టోరికోను ముంచినప్పుడు తాత్కాలిక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. చివరికి 2023 నవంబరులో ఆ పరిమితి ఎత్తేసి 2.8 కిలోహెర్ట్జ్ వెడల్పు అనే ఒక్క షరతు పెట్టారు. ఆపద వచ్చినప్పుడల్లా పక్కన పెట్టాల్సిన నిబంధన మామూలు రోజుల్లో మాత్రం ఎందుకు?

మోర్స్ మాస్టారు (చిత్తూరు)

బాబూ, చక్కగా రాశావు. కానీ లోపలి సంగతి మనకే వదిలేయమంటున్నావు చూడు, అక్కడ నేను ఒప్పుకోను.

మన ప్రాంతపు గడ్డ మీది ఉదాహరణే చెబుతాను. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద హామ్‌శాట్ వెళ్లింది. నలభై కిలోలు దాటిన చిన్న ఉపగ్రహం, మన కోసమే. 435 మెగాహెర్ట్జ్ మీద పైకి పంపితే 145 మీద కిందికి వచ్చేది. అందులోది లీనియర్ ట్రాన్స్‌పాండర్. అంటే ఉపగ్రహం తన ప్రసార శక్తిని, ఆ క్షణంలో పైకి వచ్చిన సంకేతాలన్నింటికీ వాటి బలాన్ని బట్టి పంచుతుంది. సన్నగా మోర్స్ పంపేవాళ్లు, తక్కువ వెడల్పు చాలే సైడ్‌బ్యాండ్‌లో మాట్లాడేవాళ్లు ఒకేసారి పదిమంది సర్దుకోవచ్చు. ఆ గుంపులోకి ఒక్కడు ఎఫ్ఎమ్‌తో, పెద్ద శక్తితో వచ్చాడా, ఉపగ్రహం శక్తంతా అతని ఖాతాలోకే పోతుంది. మిగతా అందరి గొంతులూ రొదలో కలిసిపోతాయి.

ఆ మనిషి బ్యాండు దాటలేదు. శక్తి పరిమితీ దాటకపోవచ్చు. కాల్‌సైన్ కూడా చెప్పి ఉంటాడు. నీ లెక్కన అతనిది తప్పే కాదు. నష్టపోయింది మాత్రం బయటివాళ్లు కాదు, మనవాళ్లే. హామ్‌శాట్ 2014 జూలైలో మూగబోయేదాకా ఈ బాధ చూశాను. లోపల కూడా బలవంతుడు, బలహీనుడు ఉంటారు. 5 వాట్లతో మోర్స్ కొట్టే పిల్లవాడికి చట్టం తప్ప ఎవరున్నారు?

రేణిగుంట రిసీవర్

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నాను. హామ్‌శాట్‌లో ఎఫ్ఎమ్ వాడవద్దని అందరికీ తెలుసు కదా? అది హామ్‌లు తమకు తామే రాసుకున్న ప్రణాళికలో ఉంది, చట్టంలో లేదు. అయినా ఎక్కువమంది పాటించారు. పాటించని నలుగురు చట్టం ఉన్నా పాటించి ఉండేవారని నేను అనుకోను.

నా సమస్య వేరు. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రెస్ట్రిక్టెడ్ గ్రేడు (మొదటి మెట్టు) పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నాను. లోరా మాడ్యూళ్లతో (తక్కువ శక్తితో చిన్న సందేశాలను దూరం పంపే రేడియో పరికరాలు) శేషాచలం అంచు ఊళ్లలో వర్షపాతం, చెరువు మట్టం కొలిచి పంపే చిన్న వలయం కట్టాలని నా కోరిక. 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మన దేశంలో లైసెన్సు అక్కర్లేని బ్యాండు. అక్కడ 200 కిలోహెర్ట్జ్ వెడల్పులో, ఒక వాట్ ప్రసార శక్తితో ఎవరైనా ఏ పద్ధతినైనా వాడుకోవచ్చు. పరీక్ష లేదు, కాల్‌సైన్ లేదు. అదే పని 434 నుంచి 438 వరకు ఉన్న మా బ్యాండులో చేద్దామంటే, ఈ పద్ధతి జాబితాలో ఉందా లేదా అని పెద్దవాళ్లను అడుగుతూ తిరిగాను. ఒకరు చేయొచ్చన్నారు, ఒకరు వద్దన్నారు.

చదువుకుని పరీక్ష రాసినవాడికి, ఏమీ రాయనివాడికంటే ప్రయోగం చేసే స్వేచ్ఛ తక్కువగా ఉంది. అమెచ్యూర్ సేవ ఉద్దేశమే స్వయం శిక్షణ, సాంకేతిక పరిశోధన అని అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో నిర్వచనం ఉంది. కొత్తది ప్రయత్నించకూడదంటే పరిశోధన ఎక్కడ చేయాలి?

పలమనేరు సోల్డర్

తమ్ముడూ, లోరా సంగతి తర్వాత. ముందు నీ చేతిలో ఉన్న సెట్టు సంగతి చూద్దాం.

నేను రేడియోలు, ఇన్వర్టర్లు బాగుచేస్తాను. నా బల్ల మీద, ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత సంకేతం ఉందో గీతలుగా చూపే పాత స్పెక్ట్రమ్ అనలైజర్ ఒకటి ఉంది. మొన్న ఒక మిత్రుడు చవక చేతి సెట్టు తెచ్చాడు. సంకేతాన్ని తగ్గించే అటెన్యుయేటర్ పెట్టి 145.200 మీద బటన్ నొక్కించాను. 145.200 దగ్గర నిటారు గీత లేచింది, అది రావాల్సిందే. కుడివైపు జరుపుకుంటూ పోతే 290.400 దగ్గర ఒకటి, 435.600 దగ్గర ఇంకొకటి. రెండూ ఉండకూడనంత ఎత్తులో ఉన్నాయి. మూడో హార్మోనిక్ (అసలు పౌనఃపున్యానికి మూడు రెట్ల దగ్గర వచ్చే అనవసర సంకేతం) సరిగ్గా వెళ్లి ఉపగ్రహాలు వినే చోట పడుతోంది. మన వాడకంలో ఉన్న రెండు బ్యాండ్లకు ఉన్న సంబంధమే అంత, 145ను మూడుతో గుణిస్తే 435. రెండో హార్మోనిక్ అయితే అసలు మన బ్యాండే కాదు, వేరేవాళ్లది.

అదే కొలత మంచి సెట్టుతో చేస్తే ఆ గీతలు రొదలోంచి పైకి లేవనే లేదు. ఇంత తేడా ఉంటే, స్వేచ్ఛ గురించి మాట్లాడే ముందు ఈ సెట్లను ఎలా అమ్మనిస్తున్నారో అడగాలి. స్వర్ణముఖి అన్న చెప్పిన "అంచులు కఠినంగా" అన్న మాటకు నా ఓటు. కానీ అది కాగితం మీద ఉంటే చాలదు. ప్రతి క్లబ్బులో కొలిచే పరికరం ఉండాలి, సంవత్సరానికి ఒకసారి అందరి సెట్లూ కొలవాలి. ఫలానా స్థాయికి మించితే వాడకూడదని మనమే నిర్ణయించుకోవాలి.

ఇంకొక మాట. చేత్తో కట్టిన ట్రాన్స్‌మిటర్ చివర, ఈ హార్మోనిక్‌లను ఆపే లో-పాస్ ఫిల్టరు పెట్టనివాడిని నేను హామ్ అని ఒప్పుకోను. మూడు కాయిళ్లు, నాలుగు కెపాసిటర్లు. వంద రూపాయల పని.

స్వర్ణముఖి తీరం (తిరుపతి)

సోల్డర్ అన్నా, కొలిచే పరికరం క్లబ్బులో ఉండాలన్న మాట నేను మొదట రాయాల్సిన జాబితాలో చేరుస్తున్నాను.

మాస్టారూ, కెనడా పద్ధతి మీకు నచ్చవచ్చు. అక్కడ హెచ్ఎఫ్‌లో ఏ పద్ధతి అని అడగరు. వెడల్పు ఎంత అని మాత్రమే అడుగుతారు. చాలా బ్యాండ్లలో 6 కిలోహెర్ట్జ్, ఇరుకైన 10 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఒక కిలోహెర్ట్జ్. అంటే పది మెగాహెర్ట్జ్ దగ్గర మాటలకు చోటు లేనట్టే, మోర్స్, సన్నని డిజిటల్ మాత్రమే. పద్ధతి పేరు ఎత్తకుండానే బలహీనుడికి రక్షణ దొరికింది. మనకూ 40 మీటర్ల బ్యాండులో 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు 200 కిలోహెర్ట్జ్ ఉంది. సైడ్‌బ్యాండ్ గొంతులు పక్కపక్కన పేర్చినా 70 దాటవు. అడుగున 30, 40 కిలోహెర్ట్జ్ మేర 500 హెర్ట్జ్ కంటే వెడల్పు పంపకూడదని రాస్తే మీ 5 వాట్ల పిల్లవాడు అక్కడ నిశ్చింతగా ఉంటాడు.

మోర్స్ మాస్టారు (చిత్తూరు)

వెడల్పును బట్టి గీత గీస్తే నాకు సగం సమాధానం దొరికినట్టే. మిగిలిన సగం: ఒకే వెడల్పులో ఉన్నా మనిషి వేరు, యంత్రం వేరు. మనిషి పంపే ముందు చెవి పెట్టి వింటాడు. ఎవరూ లేని చోట యంత్రం గంటకోసారి తనంతట తానే ప్రసారం మొదలుపెడితే, కింద ఎవరి సన్నని సంకేతం నలిగిందో దానికి తెలియదు. మనిషి దగ్గర లేని స్టేషన్లకు వేరే నియమం ఉండాలి. దీని మీద నేను వెనక్కి తగ్గను.

పాకాల యాగీ

మా ఊరి పక్కన గాదంకి సంగతి ఈ చర్చలోకి రావాలి. జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలోని ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. నేల మీద 32 వరుసల్లో 32 చొప్పున 1024 యాగీ యాంటెన్నాలు, మొదట కట్టినప్పటి గరిష్ఠ శక్తి 2.5 మెగావాట్లు. అంత శక్తి పంపినా పైనుంచి తిరిగి వచ్చేది అతి స్వల్పం. గాలిలో సుడులు, పొరల మధ్య తేడాలు వెనక్కి పంపే ప్రతిధ్వని అది. కొండల మధ్య పల్లంలో ఉండటం వల్ల రేడియో రొద తక్కువగా ఉండే చోటది.

అంతర్జాతీయ పట్టిక తీసి చూస్తే, మనం ఉన్న మూడో ప్రాంతంలో 50 నుంచి 54 మెగాహెర్ట్జ్ అమెచ్యూర్లకు కేటాయించినది. రాడార్ కూడా ఆ బ్యాండు లోపలే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆరు మీటర్ల బ్యాండు అని పిలిచే ఈ 50 నుంచి 54 కోసం మనం గట్టిగా అడిగితే గాదంకి చుట్టుపక్కల ఏమి చేయాలి? దేశమంతటికీ ఒకే కఠిన నియమం పెడితే శ్రీకాకుళంలో ఉన్నవాడు అనవసరంగా నష్టపోతాడు. దేశమంతటికీ ఒకే వెసులుబాటు ఇస్తే మా ఊరి శాస్త్రవేత్తల కొలతలు పాడవుతాయి. అందుకని కఠినమా, వెసులుబాటా అన్న ప్రశ్నకు దూరం కూడా జవాబులో భాగం కావాలి. రాడార్ నుంచి ఇన్ని కిలోమీటర్ల లోపు 53కు అటూ ఇటూ ప్రసారం వద్దు, ఆ పరిధి దాటితే స్వేచ్ఛ. నేను ఆ పరిధి లోపలే ఉంటాను. ఆరు మీటర్లలో ఆ భాగం నాకు దక్కదు. సంతోషంగా వదులుకుంటాను. వానాకాలం మేఘాల లోపల ఏమి జరుగుతోందో తెలుసుకోవడం నా కబుర్ల కంటే ముఖ్యం.

కాళహస్తి 2 మీటర్

అందరూ కొత్త నియమాల గురించి రాస్తున్నారు. ఉన్న నియమం ఎలా ఉందో నేను చెబుతాను.

పెళ్లిళ్ల కాలంలో శనివారం సాయంత్రం 145 మెగాహెర్ట్జ్ పైన తిప్పుతూ పోండి. "రెండో పంక్తికి అప్పడాలు రాలేదు, వెంటనే పంపండి", "మగపెళ్లివారి బస్సు వచ్చింది, మేళం వాళ్లను గేటు దగ్గరికి రమ్మనండి." ఏ మండపమో నాకు అనవసరం, పేరు రాయను. పాపం ఆ సిబ్బందికి ఇది నేరమని కూడా తెలియదు. ఆన్‌లైన్‌లో కొన్నారు, పెట్టె తెరిచారు, బటన్ నొక్కారు. కాల్‌సైన్ చెప్పి, ఇది అమెచ్యూర్లకు కేటాయించినదని మర్యాదగా చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత మళ్లీ అప్పడాలు.

వాళ్లకు కావలసింది దేశంలో ఉండనే ఉంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి వాకీటాకీలకు లైసెన్సు అక్కర్లేదు. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు. 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల మీద దృష్టి పెట్టింది. ఏ పౌనఃపున్యం మీద పనిచేస్తుందో, లైసెన్సు కావాలో వద్దో చెప్పకుండా వాకీటాకీలు అమ్మకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. నా దృష్టిలో మన బ్యాండుకు అది గొప్ప మేలు. మన లోపలి పద్ధతుల మీద పెట్టే శ్రద్ధలో సగం అమ్మకం దగ్గర పెడితే చాలు.

కుప్పం టీచర్

అందరి మాటలూ చదివాను. నేను బడిలో పిల్లలకు రేడియో నేర్పుతాను, కాబట్టి నా కోణం కొంచెం వేరు.

పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయవచ్చని మన నిబంధనలు చెబుతాయి. ఇది ఎంత ఉదారమైన నియమమో చాలామంది గుర్తించరు. ఓటు హక్కు లేని, బండి నడపకూడని పిల్ల, పరీక్ష పాసైతే ప్రపంచంతో తన పేరున మాట్లాడవచ్చు. అక్కడ ఉదారంగా ఉన్న వ్యవస్థ ఆ తర్వాత కాగితాల దగ్గర బిగుసుకుపోతుంది. నా విద్యార్థిని ఒకమ్మాయి పరీక్ష పాసైంది. దరఖాస్తు ఒక దశలో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పేవారు లేరు. లైసెన్సు చేతికి వచ్చేసరికి ఆ పిల్ల ఇంటర్ చదువుకు వేరే ఊరు వెళ్లింది. ఇప్పుడు చిరునామా మార్పు. హాస్టలు వాళ్లు యాంటెన్నా కట్టనివ్వరు, అది వేరే కథ.

మీరంతా గాలిలో కఠినం, గాలిలో వెసులుబాటు అని మాట్లాడుతున్నారు. నాకు గాలిలో ఎంత కఠినంగా ఉన్నా ఫర్వాలేదు, పిల్లలు నియమాలు నేర్చుకోవడానికి ఇష్టపడతారు. కాగితం దగ్గర వెసులుబాటు కావాలి. ఆన్‌లైన్‌లో టెలికాం శాఖ పోర్టల్ సరళ్ సంచార్ వచ్చాక దరఖాస్తు పెట్టడం సులువైంది, కాదనను. దరఖాస్తుకు గడువు కూడా ఉండాలి. ఇన్ని రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే లైసెన్సు వచ్చినట్టే అన్న నియమం ఒక్కటి రాయించగలిగితే, మిగతావన్నీ మాస్టారు చెప్పినట్టే ఉండనివ్వండి.

మోర్స్ పరీక్ష ఉండాలని మాస్టారు ఎప్పుడూ అంటుంటారు, అక్కడ మాత్రం ఆయనతో విభేదిస్తాను. 2003 ప్రపంచ రేడియో సమావేశంలోనే అంతర్జాతీయంగా మోర్స్ తప్పనిసరి కాదన్నారు. అమెరికా 2007లో పూర్తిగా తీసేసింది. మనకు పై మెట్టు జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 పదాలు ఇంకా ఎందుకు? మా పిల్లలు పరీక్ష లేకుండానే మోర్స్ నేర్చుకుంటున్నారు, బల్ల మీద వేళ్లతో కొట్టుకుంటూ. ఇష్టంతో నేర్చుకున్నది వాళ్లకు మిగులుతుంది.

మోర్స్ మాస్టారు (చిత్తూరు)

అమ్మా, మీ పిల్లలు బల్ల మీద కొట్టుకుంటున్నారన్న మాట చదివి మనసు నిండింది. ఆ 8 పదాల విషయంలో నా పట్టుదల మా తరం అభిమానమే కావచ్చు. పరీక్ష తీసేసినా నేను అడ్డుపడను. 400 వాట్ల దాకా అనుమతి ఇచ్చే గ్రేడుకు మాత్రం ఏదో ఒక గట్టి పరీక్ష ఉండాలి. మోర్స్ బదులు సోల్డర్ చెప్పిన కొలతల పరీక్ష పెట్టినా నాకు సరే.

ఒక్క విషయంలో వెసులుబాటు అసలు వద్దు. రహస్య సంకేతం. మన గాలిలో వెళ్లే ప్రతి మాటా ఎవరైనా విని అర్థం చేసుకోగలిగేలా ఉండాలి. అర్థాన్ని దాచే సంకేతాలు వాడరాదని అంతర్జాతీయ నిబంధన ఉంది, ఉపగ్రహాలకు ఆదేశాలు పంపడానికి తప్ప. రిసీవర్ బాబూ, నీ లోరా మాడ్యూళ్లతో మామూలుగా వాడే లోరావాన్ పద్ధతి సందేశాన్ని తాళం వేసి పంపుతుంది కదా? 865లో అది నీ ఇష్టం. మన బ్యాండులోకి తెస్తే ఆ తాళం తీసి తేవాలి. మనల్ని మనమే కాపలా కాసుకోగలం అని ప్రభుత్వానికి చెప్పే హక్కు, మన మాట మనకు వినబడినంత వరకే.

రేణిగుంట రిసీవర్

దీనికి నాకు అభ్యంతరం లేదు మాస్టారూ. తాళం తీసేస్తాను, పంపే ప్రతి సందేశంలో కాల్‌సైన్ ఉంటుంది. నిర్మాణం మొత్తం అందరికీ తెరిచి పెడతాను. చెరువు మట్టంలో దాచుకోవాల్సింది ఏముంది? 2021 నవంబరులో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు మా పిన్ని కుటుంబం బడిలో తలదాచుకుంది. కట్ట ఎలా ఉందో చెప్పేవారు లేక రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఆ రాత్రి నుంచే నాకు ఈ ఆలోచన.

స్వర్ణముఖి తీరం (తిరుపతి)

బయటి నుంచి వచ్చే ఒత్తిడి గురించి కూడా ఒక్క మాట. 2019లో ఫ్రాన్స్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్‌ను విమాన సేవల అధ్యయనంలో చేర్చాలని ప్రతిపాదించింది. ప్రపంచవ్యాప్తంగా హామ్‌లు గట్టిగా స్పందించాక అది ఆగింది. 2023 సమావేశంలో 1240 నుంచి 1300 మెగాహెర్ట్జ్ విషయంలో ఉపగ్రహ నావిగేషన్ రిసీవర్లకు ఇబ్బంది కలగకుండా మన శక్తికి, వెడల్పుకు మార్గదర్శక పరిమితులు వచ్చాయి. అక్కడ మనం కాదనలేదు, కొలతలు చూపించి సర్దుకున్నాం. బ్యాండు పోకుండా మిగిలింది. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2024 ఫిబ్రవరిలో లైసెన్సు షరతులు సడలించి పూర్తి లైసెన్సు ఉన్నవారికి 1000 వాట్ల దాకా అనుమతించింది. అక్కడ పద్ధతుల ప్రణాళిక చట్టంలో ఉండదు, సంఘం తయారుచేసుకుంటుంది.

ఇంతవరకు వచ్చినవాటితో వినతి పత్రం ముసాయిదా ఇలా మొదలుపెడతాను. హెచ్ఎఫ్‌లో ఉద్గార సంకేతాల జాబితా తీసేసి వెడల్పు పరిమితి పెట్టాలి, ప్రతి బ్యాండు అడుగు భాగం 500 హెర్ట్జ్ లోపు వాటికే. మనిషి దగ్గర లేని స్టేషన్లకు వేరే అనుమతి, స్థిరమైన పౌనఃపున్యాలు. అర్థం దాచే సంకేతాలు నిషేధం. పరిశోధనా రాడార్ల చుట్టూ దూరాన్ని బట్టి రక్షణ. దరఖాస్తుకు గడువు. అమ్మే ప్రతి సెట్టుకూ హార్మోనిక్ కొలత పత్రం.

హామ్‌శాట్ లాంటి లీనియర్ ట్రాన్స్‌పాండర్లకు ఏమి రాయాలో నాకు ఇంకా తేలలేదు. మాస్టారూ, అది మీరే రాయండి.

మోర్స్ మాస్టారు (చిత్తూరు)

రాస్తాను. నాకు రెండు రోజులు కావాలి. "తన సంకేతం కిందికి వచ్చే స్థాయి ఉపగ్రహ బీకన్ (ఉపగ్రహం తానుగా పంపే గుర్తింపు సంకేతం) కంటే బలంగా ఉండరాదు" అని మొదలుపెడితే ఎలా ఉంటుందో చూడండి. వాట్లలో చెబితే యాంటెన్నా పెద్దది పెట్టుకుని తప్పించుకుంటారు. బీకన్‌తో పోలిస్తే ఎవరికి వారే చెవితో కొలుచుకోవచ్చు.

పలమనేరు సోల్డర్

బీకన్ మాట బాగుంది మాస్టారూ. కొలత పత్రం సంగతి మాత్రం కొంచెం మార్చాలి. అమ్మే సెట్టుకు సరే, చేత్తో కట్టుకున్న సెట్టుకు పత్రం అడిగితే పిల్లలు కట్టడమే మానేస్తారు. అక్కడ క్లబ్బులో కొలిచి, లాగ్ పుస్తకంలో రాసుకుంటే చాలని పెట్టండి. ఎవరికైనా కొలిపించుకోవాలంటే ఆదివారం ఉదయం నా దగ్గరికి తీసుకురండి. డమ్మీ లోడు, కేబుళ్లు నా దగ్గరే ఉన్నాయి. బ్యాటరీ పూర్తిగా ఛార్జి చేసి తేండి. బ్యాటరీ నీరసిస్తే కొలత మారిపోతుంది.